ఒకే నగరంలో ఇన్ని పోలీసు విభాగాలు: ఎందులో చేరాలో తేల్చుకోవడం ఎలా

పోలీసు ఉద్యోగం కావాలనుకునే వాళ్లలో చాలామంది ముందు కనబడిన నోటిఫికేషన్‌కి అప్లై చేసేస్తారు. సెలెక్ట్ అయి, ట్రైనింగ్ అయి, ఏడాది డ్యూటీ చేశాక గానీ పక్క విభాగంలో ఇదే పని ఎంత వేరేగా ఉంటుందో తెలియదు. అప్పటికి మారడం అంత తేలిక కాదు. అందుకే అప్లికేషన్ నింపే ముందు ఓ రెండు వారాలు దీని మీద కూర్చోమని చెప్తున్నాను.

మొదట మీ నగరంలోనూ చుట్టుపక్కలా పోలీసుల్ని తీసుకునే విభాగాలు ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తేలతాయి. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు ఉంది, నడిబొడ్డున ఉన్న చదరపు మైలు ప్రాంతానికి సిటీ ఆఫ్ లండన్ పోలీసు వేరే ఉంది, రైళ్లకీ భూగర్భ మెట్రోకీ బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసు ఇంకో విభాగం. న్యూయార్క్‌లో నగర పోలీసు కాక విమానాశ్రయాలు, వంతెనలు, సొరంగాలు చూసుకునే పోర్ట్ అథారిటీ పోలీసు ఉంది. ఢిల్లీ అయితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఢిల్లీ పోలీసు కేంద్ర హోంశాఖ కింద, నోయిడా ఉత్తరప్రదేశ్ పోలీసు కింద, గురుగ్రామ్ హర్యానా పోలీసు కింద పనిచేస్తాయి. మూడు చోట్లకీ మెట్రో వెళ్తుంది, కానీ నియామకాలు, జీతాల నిబంధనలు, బదిలీలు ఎవరివి వాళ్లవే.

ఇక జీతం. అందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది, నోటిఫికేషన్‌లో రాసిన అంకె చూసి పోల్చేస్తారు. ఆ అంకెని నెలలో నిజంగా పనిచేసే గంటలతో భాగించండి. ఒక విభాగం 100 ఇచ్చి నెలకి 160 గంటలు పని చేయించుకుంటోంది, ఇంకోటి 115 ఇస్తోంది గానీ బందోబస్తులు, ఆగిపోయిన వీక్లీ ఆఫ్‌లు కలుపుకుంటే 210 గంటలు అవుతోంది అనుకుందాం. గంటకి లెక్క వేస్తే మొదటిది 0.63, రెండోది 0.55. ఎక్కువ జీతం అనుకున్నదే తక్కువైంది! అదనపు గంటలకి డబ్బు ఇస్తారా, బదులు సెలవు ఇస్తారా, ఆ సెలవు అడిగినప్పుడు దొరుకుతుందా అన్నవి విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు.

వీలైతే రెండు విభాగాల్లో పనిచేసే వాళ్ల పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి, పేరూ నంబరూ చేత్తో మూసి చూపించమంటే చాలామంది చూపిస్తారు. పై వరసలో బేసిక్, దాని కింద అలవెన్సులు, తర్వాత కోతలు ఉంటాయి. బేసిక్ తక్కువ ఉండి అలవెన్సులు ఎక్కువ ఉన్న స్లిప్పు చూడ్డానికి బాగుంటుంది. కానీ చాలా చోట్ల పెన్షన్ లెక్కలోకి వచ్చేది ప్రధానంగా బేసిక్కే, కాబట్టి ఆ వరస మీద వేలు పెట్టి ఆగండి. కొత్తగా చేరినవాళ్ల స్లిప్పు ఒక్కటే సరిపోదు, పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లది కూడా అడగండి. మొదటి ఏడాది జీతం బాగా చూపించి తర్వాత పెంపు నెమ్మదిగా సాగే విభాగాలూ ఉంటాయి.

షిఫ్టుల సంగతి జీతం కంటే పెద్దదని నా నమ్మకం. కొన్ని చోట్ల 8 గంటల డ్యూటీ, వారానికి 5 రోజులు. కొన్ని చోట్ల 12 గంటల డ్యూటీ, 14 రోజుల్లో 7 రోజులు పని, అంటే 84 గంటలు, రెండు వారాలకోసారి వరసగా మూడు రోజుల సెలవు. చిన్నపిల్లలున్న ఇంట్లో 12 గంటల డ్యూటీ అంటే ఆ రోజు మీరు లేనట్టే, పైగా కోర్టుకి వెళ్లాల్సిన రోజు చాలాసార్లు ఆ సెలవు రోజే అవుతుంది. నైట్ డ్యూటీ ఎన్ని వారాలకి మారుతుందో, అసలు మారుతుందో లేదో కూడా తెలుసుకోండి.

ఇంకో పని తప్పకుండా చేయండి. షిఫ్టు మారే సమయానికి స్టేషన్ ఎదురుగా ఓ అరగంట నిలబడి చూడండి. దిగేవాళ్లు టైముకి దిగుతున్నారా, లేక ఎక్కేవాళ్లు వచ్చాక కూడా రిపోర్టులు రాసుకుంటూ లోపలే ఉన్నారా? బండి తాళాలు అందుకునేవాడు చుట్టూ తిరిగి టైర్లు చూసుకుంటున్నాడా, ఉన్న ఒక్క బండి కోసం ఇద్దరు ఎదురు చూస్తున్నారా? సిబ్బంది సరిపోతున్నారో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఖాళీ పోస్టులు ఎక్కువున్న చోట ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, కానీ ఆ ఖాళీల పని కూడా మీ నెత్తినే పడుతుంది.

పని తీరు కూడా చూసుకోవాలి. పెద్ద నగర విభాగంలో కాల్స్ మీద కాల్స్ వస్తాయి, రెండేళ్లలో బోలెడు నేర్చుకుంటారు, సైబర్ క్రైమ్, డాగ్ స్క్వాడ్, ట్రాఫిక్ అంటూ వెళ్లడానికి దారులు ఎక్కువ. శివారు విభాగంలో ఒక కేసుని మొదటినుంచి చివరిదాకా మీరే చూసే అవకాశం ఎక్కువ, కానీ పైపోస్టులు కొన్నే, పైవాడు రిటైరైతే గానీ ప్రమోషన్ రాదు. రైల్వే, ఎయిర్‌పోర్టు విభాగాల్లో పరిధి చిన్నది, పని ముందే ఊహించగలిగేలా ఉంటుంది. దర్యాప్తు మీద ఇష్టం ఉన్నవాళ్లకి అక్కడ విసుగు రావచ్చు.

"ముందు ఎక్కడో చేరి తర్వాత మారదాం" అనే మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నాతో ట్రైనింగ్ అయిన మిత్రుడొకడు ఆరేళ్ల సర్వీసు తర్వాత ఎక్కువ జీతం కోసం పక్క విభాగానికి మారాడు. జీతం పెరిగింది, కానీ సీనియారిటీ సున్నాకి వచ్చింది. అక్కడ షిఫ్టులు, సెలవులు సీనియారిటీ ప్రకారం ఎంచుకుంటారు, దాంతో మళ్లీ నైట్ డ్యూటీలు, పండగ రోజు డ్యూటీలు. కూతురి స్కూలు ఫంక్షన్లు వరసగా మిస్సయ్యాడు. మారాలనుకుంటే పాత సర్వీసు ఎంతవరకు లెక్కిస్తారో, పెన్షన్ వెంట వస్తుందో లేదో రాతపూర్వకంగా తెచ్చుకోండి. ట్రైనింగ్ అయ్యాక ఇన్నేళ్లు ఉండాలనే బాండ్ ఉంటే అది కూడా పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.

రెండు మూడు విభాగాలకి ఒకేసారి అప్లై చేయడంలో తప్పులేదు. వయసు, ఎత్తు, కంటి చూపు, నివాసం నిబంధనలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ముందు అవి చూసుకోండి, ఫీజు కట్టాక చూసి లాభం లేదు. ఇంతకుముందు ఎక్కడ అప్లై చేశారు, పాత అడ్రసులేంటి, ఏవైనా కేసులున్నాయా అని ఫారంలో అడిగితే అన్ని చోట్లా ఒకే జవాబు రాయండి. వెరిఫికేషన్‌లో రెండు ఫారాలు పక్కపక్కన పెట్టినప్పుడు ఒక తేదీ తేడా వచ్చినా మిమ్మల్ని పిలిచి అడుగుతారు. నింపిన ప్రతి ఫారానికీ కాపీ తీసి ఒకే ఫైల్లో పెట్టుకుని, ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి ఆ ఫైలు ఒక్కసారి తిరగేయండి.