చైనా అక్షరాలను సరైన గీతల వరుసలో రాయడం ఎలా?

చైనా లిపిలో ప్రతి అక్షరమూ ఒక చతురస్రంలో ఇమిడేలా పేర్చిన కొన్ని గీతల కూర్పు. ఆ గీతల్లో ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని ఎటు నుంచి ఎటు లాగాలి అన్న క్రమాన్ని చైనావారు బిషున్ అంటారు. చివరికి కనిపించే ఆకారం ఒకటే అయినప్పుడు వరుసతో పనేమిటన్న సందేహం సహజమే. నిదానంగా రాసినంత కాలం తేడా అంతగా తెలియదు. కలం ఎత్తకుండా వేగంగా రాయడం మొదలుపెడితే మాత్రం, వరుస తప్పిన చేతిలో గీతలు కలవకూడని చోట కలిసిపోయి, చైనావారికే చదవడం కష్టమయ్యే రూపం వస్తుంది.

సాధనకు ముందు ఏ ప్రాంతపు పద్ధతిని అనుసరించాలో తేల్చుకోవాలి. మూడు అడ్డగీతలు, ఒక నిలువుగీత ఉండే ‘వాంగ్’ (రాజు) అక్షరాన్ని చైనాలో రెండు అడ్డగీతలు, నిలువుగీత, అడుగుగీత అనే వరుసలో రాస్తారు. జపానులో మొదటి అడ్డగీత పూర్తి కాగానే నిలువుగీత గీస్తారు. తైవాన్‌లో గీతల వరుసకు విద్యాశాఖ రూపొందించిన సొంత ప్రమాణం ఉంది. వైద్యవిద్య కోసమో వ్యాపారం కోసమో చైనా వెళ్లే తెలుగువారు అక్కడి ప్రమాణాన్నే పట్టుకోవడం మేలు. అక్కడ 2013లో ప్రభుత్వం ప్రకటించిన పట్టికలో 8,105 అక్షరాలు ఉన్నాయి. వాటి గీతల వరుసను నిర్దేశించే ప్రమాణం 2021 మార్చి 1 నుంచి అమల్లో ఉంది.

కాగితం విషయానికి వస్తే, చదరపు గళ్ల నోటుపుస్తకం చాలు. నాలుగు గళ్లను కలిపి ఒక పెద్ద గడిగా తీసుకుంటే మధ్యలో నిలువు, అడ్డం రేఖలు వాటంతట అవే ఏర్పడతాయి. చైనా పిల్లలు రాత నేర్చుకునే గడి కూడా ఇలాగే ఉంటుంది.

తర్వాత అక్షరాల జోలికి పోకుండా విడి గీతలను సాధన చేయాలి. అడ్డగీత ఎడమ నుంచి కుడికి, నిలువుగీత పై నుంచి కిందికి సాగుతాయి. ఎడమకు జారే ఏటవాలు గీత, కుడికి జారే ఏటవాలు గీత, చుక్క, కింది నుంచి కుడివైపు పైకి లేచే చిన్న గీత, మలుపు, కొక్కెం అనేవి మిగిలినవి. ఈ ఎనిమిదీ ‘యొంగ్’ (శాశ్వతం) అనే ఒక్క అక్షరంలోనే ఉన్నందువల్ల అందమైన రాత నేర్చుకునేవారు శతాబ్దాలుగా దానితో సాధన చేస్తున్నారు. అయితే ఆ అక్షరంలో గీతలు ఐదే, ఎందుకంటే కలం ఎత్తకుండా మలుపు తిరిగినదంతా ఒకే గీతగా లెక్క. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘కొవు’ (నోరు) చూడటానికి నాలుగు భుజాల చతురస్రమే గానీ గీతలు మూడే: ముందు ఎడమ నిలువు, తర్వాత పైగీత, కుడి నిలువు కలిపి ఒకటి, చివరగా అడుగుగీత. గుండ్రని అక్షరాలకు అలవాటుపడిన మన చెయ్యి ఈ చతురస్రాన్ని ఒక్క చుట్టులో ముగించాలని చూస్తుంది. ఆ అలవాటును మొదటి వారంలోనే మాన్పించాలి.

నియమాలను కంఠస్థం చేయడం కన్నా ఒక్కో నియమానికి ఒక్కో అక్షరాన్ని చేతికి అలవాటు చేయడం మంచిదని నా అభిప్రాయం. పై నుంచి కిందికి అనడానికి మూడు అడ్డగీతల ‘సాన్’ (మూడు), నిలువు కన్నా అడ్డం ముందు అనడానికి ‘షి’ (పది), కుడివాలు కన్నా ఎడమవాలు ముందు అనడానికి ‘రెన్’ (మనిషి) సరిపోతాయి. చుట్టూ కంచె ఉన్న అక్షరాలకు కాస్త ఓపిక కావాలి. ‘గువో’ (దేశం) రాసేటప్పుడు ఎడమ, పై, కుడి వైపులు గీసి, లోపలి భాగమంతా నింపి, ఆ తర్వాతే అడుగు మూయాలి.

మినహాయింపులను తప్పులుగా కాక విడి పాఠాలుగా చూడాలి. ‘షియావ్’ (చిన్న)లో నడిమి కొక్కెం గీత ముందు, అటూ ఇటూ ఉండే చుక్కలు తర్వాత. ‘హువో’ (నిప్పు)లో మాత్రం రెండు పక్కల చుక్కలూ ముందు, నడుమ ఉన్న మనిషి ఆకారం తర్వాత. ‘డావ్’ (దారి)లో కిందికి సాగే నడక గుర్తును చివర రాస్తారు, కానీ అలాగే కిందికి సాగే మరో నడక గుర్తున్న ‘చీ’ (లేవడం)లో దాన్నే ముందు రాస్తారు. ‘వో’ (నేను)లో పైన కుడివైపు చుక్క అన్నిటికన్నా చివరిది.

నేర్చినది సరిచూసుకోవడానికి ఫోన్‌లో చైనా భాషకు ఉండే స్ట్రోక్ కీబోర్డు బాగా ఉపకరిస్తుంది. అందులో అడ్డం, నిలువు, ఎడమవాలు, చుక్క, మలుపు అనే ఐదు మీటలే ఉంటాయి. కుడివాలు గీతను చుక్క కింద, పైకి లేచే గీతను అడ్డం కింద నొక్కాలి. తెర మీద వేలితో రాసే పద్ధతి వరుస కాస్త తప్పినా చాలాసార్లు అక్షరాన్ని గుర్తిస్తుంది కాబట్టి ఈ పరీక్షకు పనికిరాదు. నాలుగు గదుల పొలంలా ఉండే ‘తియెన్’ (పొలం)తో ప్రయత్నించండి: నిలువు, మలుపు, అడ్డం, నిలువు, అడ్డం అని నొక్కితే ఆ అక్షరం సూచనల్లో కనిపించాలి.