పాడుబడిన పాత జీపు: బాగుచేయించాలా, వదిలేయాలా? (సమస్య - పరిష్కారం)

ఏళ్ల తరబడి చింతచెట్టు కిందో, గడ్డివాము పక్కనో నిలిచిపోయిన జీపు కనిపిస్తే చాలామంది మొదట బానెట్ ఎత్తి, ఎక్కడి నుంచో బ్యాటరీ తెప్పించి, ఇంజన్ స్టార్ట్ అవుతుందో లేదో చూస్తారు. అయితే బేరం అక్కడే కుదిరిపోతుంది. కాకపోతే పాత ఇనుము ధర మాట్లాడతారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. జీపులో ఇంజన్ సులువుగా దొరికే, సులువుగా మార్చుకోగలిగే వస్తువు. మార్చుకోలేనివి రెండే: ఆర్‌సీ, చాసిస్ (బండి మొత్తాన్ని మోసే అడుగు ఇనుప చట్రం). అందువల్ల ఇక్కడ లక్షణాలను షెడ్డులో మెకానిక్ చూసే వరుసలో కాక, డబ్బు పెట్టకముందు కొనేవారు తేల్చుకోవలసిన వరుసలో ఇస్తున్నాను.

ప్రధానంగా దృష్టిలో ఉంచుకున్నవి మహీంద్రా జీపులు: అమెరికా విల్లీస్ కంపెనీ సీజే-3బీ నమూనాలో వచ్చిన ఎత్తు బానెట్ పెట్రోలు బండ్లు, 1985లో మొదలై ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్‌తో (2112 సీసీ) నడిచిన ఎంఎం 540. అదే ఏడాది చివర్లో వచ్చిన మారుతి జిప్సీకి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది, ఎందుకంటే దానికీ నిచ్చెన ఆకారపు చాసిస్, ముందూ వెనకా కమాన్ పట్టీలే (లీఫ్ స్ప్రింగులు).

ఆర్‌సీలోని ఇంజన్ నంబరు, బండిలోని నంబరు కలవడం లేదు

పెట్రోలు ఖర్చు భరించలేక పాత జీపుల్లో డీజిల్ ఇంజన్ బిగించుకోవడం మన వైపు సర్వసాధారణంగా జరిగిన పని. ఇంజన్ మారింది గాని, ఆ మార్పు కాగితం మీదకు ఎక్కలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. కాబట్టి బయానా ఇవ్వకముందే, ఇప్పుడున్న ఇంజన్‌కు కొనుగోలు రశీదు గాని, అది ఏ బండి నుంచి తీశారో తెలిపే కాగితం గాని ఉందా అని అడగండి. ఉంటే ఆర్టీఓ కార్యాలయంలో నమోదుకు దారి ఉంటుంది. రశీదు లేకపోయినా చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతే, సరైన కాగితాలున్న మరో ఇంజన్ ఖర్చును కూడా లెక్కలో కలుపుకుని ముందుకు వెళ్లవచ్చు. చాసిస్ నంబరే సరిపోకపోతే ఇక పరిష్కారం లేదు; ఆ బండిని అక్కడే వదిలేయండి.

ఆర్‌సీ గడువు ముగియడం ఇంతకన్నా చిన్న సమస్య. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్ల కోవకు ఈ రుసుము 5,000 రూపాయలకు, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో 10,000 రూపాయలకు పెరిగింది. ఆలస్యానికి అదనపు రుసుము, హరిత పన్ను వేరు. ఎన్నేళ్ల బకాయి పడుతుందో ముందే కనుక్కోండి, ఒక్కోసారి ఆ మొత్తమే బేరాన్ని మార్చేస్తుంది.

సైన్యం వేలం వేసిన బండి అని చెబితే, సంబంధిత అధికారులు ఇచ్చిన ఫారం 21 అమ్మకపు పత్రం అసలు ప్రతి చూపించమనండి. "మిలిటరీ డిస్పోజల్ అండీ, కాగితాలు తరువాత వస్తాయి" అనే మాట నేను చాలాసార్లు విన్నాను, తరువాత వచ్చిన కాగితాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

50 ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ వెసులుబాటు ఉంది. అయితే బండి తన అసలు రూపంలోనే ఉండాలి, దాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. డీజిల్‌కు మార్చిన పాత విల్లీస్‌కు ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

ఫ్లోరు రేకుకు చిల్లులు, బండి ఒక పక్కకు ఒరిగి ఉంది

చూడగానే భయపెట్టేది ఫ్లోరు రేకు, నిజంగా భయపడవలసింది దాని కింద. రేకును ఏ టింకరింగ్ షాపులోనైనా కోసి కొత్తది అతికిస్తారు. హర్యానాలోని మండీ డబ్వాలీలాంటి చోట్ల జీపు బాడీలు మొత్తంగానే తయారుచేసి అమ్ముతారు. చాసిస్ అలా కాదు, ఎందుకంటే బండి నంబరు ఉండేది దాని మీదే.

తుప్పు ఎక్కడ దాక్కుంటుందన్నది బండి బతికిన ఊరిని బట్టి ఉంటుంది. అనంతపురం వైపు పొడి నేల మీద నిలిచిన జీపుకు రబ్బరు, వైరింగు ఎండి పగులుతాయి గాని ఇనుము గట్టిగానే మిగులుతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి ఉప్పునీటి బురద చాసిస్ లోపలి గోడకు పట్టి, బయటి రంగు చెక్కుచెదరకుండానే లోపలి నుంచి తినేస్తుంది. పాడేరు, చింతపల్లి ఘాట్లలో సర్వీసు తిరిగిన జీపులకు తుప్పు కన్నా పగుళ్లు ముఖ్యం: పరిమితికి మించి జనాన్ని మోయడం వల్ల కమాన్ పట్టీలను పట్టి ఉంచే హ్యాంగర్లు చాసిస్‌కు కలిసే చోట సన్నని గీతలు పడతాయి, వాటి మీద వెల్డింగు మీద వెల్డింగు వేసి ఉంటుంది.

పరీక్ష సులువు. బురదను గీకి, చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చిన ఇనుము డొల్లగా, బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. తరువాత తాడుతో ముందు ఎడమ హ్యాంగర్ నుంచి వెనక కుడి హ్యాంగర్ వరకు, మళ్లీ ముందు కుడి నుంచి వెనక ఎడమ వరకు కొలవండి. రెండు కొలతల్లో స్పష్టమైన తేడా ఉంటే బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుని చాసిస్ వంకరపోయిందని అర్థం.

కొలతలు సరిపోయి బండి మాత్రం ఒరిగి ఉంటే అదృష్టమే. మెయిన్ పట్టీ విరగడమో, సెంటర్ బోల్టు తెగడమో కారణమై ఉంటుంది. ఒక చోట మాత్రమే పుచ్చి ఉంటే, ఆ ముక్కను కోసి అదే మందం ఉన్న ఉక్కుతో పెట్టె ఆకారంలో మళ్లీ కట్టించవచ్చు. పైన పట్టీ అతికించి రంగు కొట్టడం మాత్రం మరమ్మతు కాదు. స్టీరింగ్ బాక్సు బిగించే చోటూ, ముందు హ్యాంగర్ల చోటూ రెండూ పుచ్చితే, లేదా నంబరు చెక్కిన చోటు తుప్పుతో చదవరాకుండా పోతే, ఆ బండిని విడిభాగాల కోసం తప్ప కొనవద్దు.

ఇంజన్ తిరగడం లేదు

స్టార్టర్ "టక్" అని ఆగిపోతే వెంటనే "జామైపోయింది" అంటారు. ముందుగా బ్యాటరీ తీగల కొనలు, ఎర్తు తీగ చాసిస్‌కు కలిసే చోటు శుభ్రం చేసి చూడండి. ఆ తరువాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి పానా వేసి చేత్తో తిప్పండి.

కదలకపోతే పెట్రోలు బండికి ప్లగ్గులు, డీజిల్ బండికి ఇంజెక్టర్లు విప్పి, ప్రతి సిలిండర్‌లో కొద్దిగా ఇంజన్ ఆయిలూ డీజిలూ కలిపి పోసి, నాలుగైదు రోజులు నాననివ్వండి. రోజూ ఒకసారి రెండు వైపులా మెల్లగా ఊపి చూడండి. ఎక్కువ సందర్భాల్లో పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య పట్టిన పలుచని తుప్పే కారణం, అది నానితే వదులుతుంది. ఈ దశలో బండిని ట్రాక్టరుకు కట్టి గేరులో లాగే పని ఎంతమాత్రం చేయవద్దు: పట్టిన పిస్టన్‌ను బలవంతంగా లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, రింగు విరిగి గోడను గీస్తుంది.

వారం గడిచినా కదలకపోతే సిలిండర్ల పైమూత అయిన హెడ్ విప్పవలసిందే. సిలిండర్‌లోకి నీరు దిగి గుంటలు పడి ఉంటే బోరింగు చేయించాలి లేదా లైనర్లు మార్చాలి. ఇది లేత్ పని, ఖర్చు ముందే తెలుసుకోదగినది, కనుక దీని ఒక్కదాని కోసం బండిని వద్దనుకోనక్కర్లేదు.

డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పాలు కలిపిన టీలా కనిపిస్తే నీరు కలిసిందని అర్థం. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు, హెడ్ పగిలి ఉండవచ్చు. గ్యాస్కెట్ అయితే చిన్న ఖర్చు, హెడ్ అయితే పెద్దది. అందుకని హెడ్ విప్పించి లేత్ షాపులో ప్రెషర్ పరీక్ష చేయించేదాకా ధర ఖాయం చేయవద్దు.

ఇంజన్ చేత్తో తిరిగాక కూడా పాత ట్యాంకులోని ఇంధనంతో స్టార్ట్ చేయవద్దు. డబ్బాలో కొత్త డీజిల్ పోసి, ఫిల్టరు మార్చి, లైన్లలో ఎయిర్ తీయించండి. ప్యూజో ఇంజన్ తిరుగుతూనే పట్టుకోకుండా తెల్లపొగ వదులుతుంటే ముందు హీటర్ ప్లగ్గులను అనుమానించండి. మరొక జాగ్రత్త: ఏళ్లుగా కదలని డీజిల్ పంపులో ర్యాక్ (ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించే కడ్డీ) పట్టేసి ఉంటే, ఇంజన్ ఒక్కసారిగా అదుపు లేకుండా పరుగెత్తుతుంది. స్టాప్ లివర్ కదులుతోందో లేదో ముందే చూసి, గాలి లోపలికి వెళ్లే గొట్టం నోటిని మూయడానికి ఒక మందపాటి చెక్కను చేతికందేలా ఉంచుకోండి.

బ్రేకు పెడల్ కిందికి దిగిపోతోంది, లైట్లు వెలగడం లేదు

వీటి మీద ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది, అందువల్ల నిలిచిపోయిన బండిలో మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టడం ఖాయం. లోపలి రబ్బర్ల కిట్లతో సరిపెట్టకుండా మొత్తం సిలిండర్లే కొత్తవి వేయించి, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు కూడా మార్చండి. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే సర్క్యూట్. ఒక్క చోట లీకైతే నాలుగూ పోతాయి. వైరింగును ఎలుకలు కొరికి ఉంటే అతుకులు వేయించవద్దు, జీపు వైరింగు ఎంత సులువంటే మొత్తం కొత్తది లాగించడమే చవక.

కొంత వేగం అందుకోగానే స్టీరింగ్ వణుకుతోంది, ఫోర్ వీల్ పడటం లేదు

స్టీరింగ్ వణుకుకు అందరూ టైర్లను తప్పుపడతారు. ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఇరుసులా ఉండే పిన్ను) బేరింగులు గాని, చక్రం బేరింగులు గాని అరిగి ఉంటాయి. బ్రేకు తొక్కి పట్టి ఊపినా ఆడుతుంటే అది కింగ్ పిన్ వైపు లోపమే. పక్కలకు ఆడితే టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ఎండ్లు చూడండి. ఇవన్నీ దొరికే సామానే.

ఫోర్ వీల్ లివర్ కదలకపోతే చాలాసార్లు గేర్లకు సంబంధం ఉండదు, బయటి లింకేజీ బురదతో బిగుసుకుని ఉంటుంది. అయితే లివర్ ఉన్నంత మాత్రాన సరిపోదు: ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ముందు యాక్సిల్‌కు శక్తిని అందించే కడ్డీ) ఉందా, ముందు యాక్సిల్‌లో నిజంగా గేర్లు ఉన్నాయా అని కిందకు దూరి చూడండి. సర్వీసు తిప్పినవారు బరువు తగ్గించడానికి ఆ భాగాలను అమ్ముకున్న బండ్లు తక్కువేమీ కావు. యాక్సిల్ నడుమ ఉండే గేరు పెట్టె (డిఫరెన్షియల్) ఆయిలు ప్లగ్గు విప్పి చూసినప్పుడు నురగ తెలుపుగా ఉంటే సీళ్ల గుండా నీరు వెళ్లింది. కవరు విప్పి గేరు పళ్ల మీద తుప్పు గుంటలు ఉన్నాయో లేదో చూడాలి. గుంటలు లేకపోతే కడిగి, సీళ్లు, ఈపీ 90 గేరు ఆయిలు మార్చితే చాలు.

అంచనా వేసిన ప్రతిసారీ ఖర్చు పెరుగుతోంది

దీనికి కారణం విరిగిన సామాను కాదు, కనిపించకుండా పోయిన సామాను. అరిగిన భాగం చేతిలో ఉంటే విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని చూపించి జత వెతుక్కోవచ్చు. అసలే లేని బ్రాకెట్టు, లివరు, విండ్‌షీల్డ్ ఫ్రేము కోసం మాత్రం నెలలు పడుతుంది, దొరికినా కొలత కలవదు. కొనేముందు మంచి స్థితిలో ఉన్న అదే రకం జీపును పక్కన పెట్టి, లేని భాగాల జాబితా రాసుకోండి. ఆ జాబితా ఒక పేజీ దాటితే, రెండో జీపును విడిభాగాల కోసం కొనే ఖర్చును కూడా మొదటిదాని ధరలోనే కలిపి చూడండి. అలా కలిపిన మొత్తం, ఇప్పటికే తిరుగుతూ కాగితాలు సక్రమంగా ఉన్న జీపు ధరను దాటుతుంటే, ఆ బండి మీ కుటుంబానిది అయితే తప్ప కొనడానికి నాకు కారణం కనిపించదు. కుటుంబానిదే అయినా పని ఒకేసారి అప్పగించకుండా ముందు చాసిస్, తరువాత బ్రేకులు, స్టీరింగ్, ఆ తరువాతే ఇంజన్, చివరికి రంగు అన్న వరుసలో, ఒక్కో దశకు విడిగా డబ్బు లెక్కగట్టి చేయించండి.