వానాకాలంలో పెడల్ కయాక్: చెరువులోకి దిగే ముందు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్‌లో అందరి మనసూ చేపల మీదికే పోతుంది. ముషీరాబాద్ మార్కెట్‌లో కొనుక్కునేవాళ్లు కొనుక్కుంటారు, గాలం సరదా ఉన్నవాళ్లు చెరువుకు బయల్దేరతారు. ఈ రెండోవాళ్లలో పెడల్ కయాక్ కొనాలని చూస్తున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పెడల్ కయాక్ అంటే కాళ్లతో తొక్కితే నడిచే చిన్న పడవ, చేతులు గాలం రాడ్‌కు మిగులుతాయి. తొడలకున్న బలం భుజాలకు ఉండదు కాబట్టి, తెడ్డు వేసేవాళ్ల కంటే తక్కువ అలసటతో ఎక్కువ దూరం పోవచ్చు. నా భయమంతా అక్కడే. గాలి వెనకనుంచి తోస్తుంటే తెలియకుండానే చెరువు నడిమధ్యకు చేరిపోతారు. మబ్బు కమ్మాక అదే గాలికి ఎదురు తొక్కుతూ వెనక్కి రావాలి. అందుకే కొనేటప్పుడైనా, దిగేటప్పుడైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒడ్డుకు తిరిగి ఎలా వస్తాను?

పెడల్ పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఆడేది. 1997లో హోబీ కంపెనీ మిరాజ్‌డ్రైవ్ పేరుతో తెచ్చింది ఇదే. రెండోది సైకిల్‌లా తొక్కితే ప్రొపెల్లర్ తిరిగేది. దీన్ని వెనక్కి తొక్కితే పడవ వెనక్కి వస్తుంది, అది పెద్ద సౌకర్యమే. కానీ ప్రొపెల్లర్‌కు పడవ కింద అడుగున్నర లోతైనా కావాలి, నాచు చుట్టుకుంటే ఆగిపోతుంది. రెక్కలనైతే లోతు తక్కువున్న చోట పడవ అడుగుకు ఆనించేసి నెమ్మదిగా జారిపోవచ్చు. గుర్రపుడెక్క, నాచు నిండిన మన చెరువులకు నా ఓటు రెక్కలకే. ఏది కొన్నా తెడ్డు మాత్రం వెంట ఉండాల్సిందే, అదీ తాడుతో పడవకు కట్టి. పెడల్ మొరాయించిన రోజున మిమ్మల్ని ఇంటికి చేర్చేది తెడ్డే.

బరువు సంగతి కూడా చూసుకోండి. ఈ పడవలు చాలావరకు 35 నుంచి 55 కిలోలుంటాయి, పొడవు పది పన్నెండు అడుగులు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టవు. కారు టాప్ ఎంత బరువు ఆపుతుందో మాన్యువల్‌లో చూశాకే డబ్బు కట్టండి.

ఇక అసలు సంగతి, పడవ తిరగబడితే ఏం చేయాలన్నది. వెడల్పైన పడవ అంత తేలిగ్గా తిరగబడదు, నిజమే. కానీ ఒకసారి బోర్లా పడిందంటే దాన్ని మళ్లీ తిప్పడం ఆ వెడల్పు వల్లే కష్టమవుతుంది. ఒక పక్క హ్యాండిల్‌కు గట్టి పట్టీ ముందే కట్టి ఉంచుకోండి. బోర్లా పడ్డాక ఆ పట్టీని పడవ మీదుగా ఇవతలికి వేసుకుని, దాన్ని పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగితే పడవ నిలబడుతుంది. తర్వాత మధ్యభాగం దగ్గరికి రండి. పక్క అంచు పట్టుకుని, కాళ్లు కొడుతూ ఒళ్లు నీళ్ల మీద చాపలా తేలేదాకా ఆగండి. అప్పుడు ఒక్క ఊపున పొట్ట పడవ మీద పడేలా ఎక్కి, వెల్లకిలా తిరిగి, సీట్లో కూర్చోండి. కాళ్లు కిందికి వేలాడుతుండగా ఎక్కబోతే పడవ మళ్లీ మీద పడుతుంది. పెడల్ యూనిట్‌కు కూడా తాడు కట్టకపోతే అది ఊడి అడుక్కి పోవచ్చు. ఇదంతా ఎండ ఉన్న రోజున, నడుంలోతు నీళ్లలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని సాధన చేయండి. సొంతంగా ఎక్కడం రాకపోతే ఈ సీజన్‌కు ఒడ్డునుంచే గాలం వేయండి.

లైఫ్ జాకెట్ మీద 50 న్యూటన్లు (నీళ్లలో మనిషిని తేల్చే బలానికి కొలత) అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకు. రానివాళ్లు 100 న్యూటన్లది వేసుకోవాలి. సీటు వెనక వేలాడదీయకుండా తొడుక్కుని బకిల్స్ బిగించుకోండి. పొడవాటి రెయిన్‌కోటు, గంబూట్లు మాత్రం వద్దు. నీళ్లు నిండితే ఈదనివ్వవు.

పిడుగుల విషయంలో మొహమాటం పనికిరాదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 లెక్కపెట్టేలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. అసలు ఉరుము చెవిన పడ్డప్పుడే ఒడ్డెక్కేయాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది, దాన్ని కింద పెట్టేయండి. ఫోన్లో దామిని యాప్ ఉంటే దగ్గర్లో పడే పిడుగుల హెచ్చరికలు వస్తాయి. సెప్టెంబరు దాటింది కదా అని జాగ్రత్త వదిలేయకండి. నగరాన్ని ముంచెత్తిన 2020 వాన పడింది అక్టోబరు 13న.

ఎక్కడ దిగాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. హుస్సేన్ సాగర్, దుర్గం చెరువుల్లో అనుమతి లేకుండా సొంత పడవ వేయకండి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ 1908 మూసీ వరద తర్వాత కట్టినవి. పైన వాన పడితే గేట్లు ఎత్తుతారు, కింద మూసీ ఒక్కసారిగా పెరుగుతుంది. మూసీలోకి ఈ నాలుగు నెలలూ అసలు వెళ్లకండి. మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి. పల్లె చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సొసైటీది. ముందు వాళ్లను కలిసి, "అన్నా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా" అని అడిగితే ఎక్కడ లోతుందో, ఎక్కడ మొద్దులున్నాయో వాళ్లే చెప్తారు. మత్తడి దూకుతున్న చెరువులో ఆ వైపు పోకూడదు. నీళ్లు నెమ్మదిగా కనిపించినా లాగుడు గట్టిగా ఉంటుంది.

ఆ చెరువుల్లో వలలుంటాయి. థర్మాకోల్ ముక్కలు, ఖాళీ సీసాలు వరసగా తేలుతుంటే వాటికి దూరంగా తిరిగి పోండి. పెడల్‌కు వల తగులుకుంటే తొక్కడం ఆపేసి, యూనిట్ పైకి లేపి, దారాలు మెల్లగా విడదీయండి. ప్రాణం మీదికొస్తే తప్ప కత్తి పెట్టొద్దు, ఆ వల ఒకరి బతుకు.

వేసవంతా మేడ మీద ఎండకు పెట్టిన పడవైతే ప్లాస్టిక్ వంగిందేమో, పెడల్ దిగే గాడి చుట్టూ పగుళ్లొచ్చాయేమో చూడండి. చుక్కాని తాళ్లు లాగి చూడండి. నీళ్లు తీసే బిరడా బిగించి, ఒడ్డు పక్కనే పది నిమిషాలు తిప్పి, పైకి లాగి ఊపండి. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తే ఆ రోజు ప్రయాణం మానేయండి. అంతా బాగుంటే ఇంట్లోవాళ్లకు ఏ చెరువో, ఎన్నింటికి ఒడ్డెక్కుతారో చెప్పండి. ఆ టైముకు ఫోన్ రాకపోతే ఆలస్యం చేయకుండా 112కు కొట్టమనండి.