ఆగి ఉన్న కారు గలగలమంటుంటే, చెయ్యి పెట్టే ముందు

సిగ్నల్ దగ్గర ఆగితే గలగల, కారు కదలగానే మాయం. చాలా పెట్రోలు కార్లలో ఐడిలింగ్, అంటే కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, 700 నుంచి 850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య ఉంటుంది. ఆ వేగంలో వచ్చే వణుకుకి వదులైన రేకు ఏదున్నా మోగుతుంది. ఎక్కువసార్లు తేలేది సైలెన్సర్ పైపు మీద వేడిని అడ్డుకునే రేకు, అంటే హీట్ షీల్డే. కానీ రేకేలే అని తిరిగేస్తే ఒక్కోసారి ఇంజినే చేతికి రాకుండా పోతుంది.

అందుకే ముందు ఆయిల్ చూడండి. కారును చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. ఆయిల్ కింది గుర్తు కంటే దిగువన ఉంటే మిగతా పరీక్షలు తర్వాత. చిన్న కార్లలో చాలావాటికి కింది గుర్తు నుంచి పై గుర్తుకి సుమారు లీటరు పడుతుంది కాబట్టి పావు లీటరు చొప్పున పోసి చూసుకోండి, పై గుర్తు దాటనివ్వద్దు. డ్యాష్‌బోర్డులో ఎర్రటి నూనెడబ్బా గుర్తు వెలుగుతూ ఇంజిన్ లోపల టకటక వినిపిస్తుంటే వెంటనే కట్టేయండి. ఆ కారు షెడ్డుకి లాక్కుపోవాల్సిందే, నడిపి తీసుకెళ్లకూడదు. పొద్దున తొలి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతుంటే టైమింగ్ చెయిన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి గొలుసుని బిగుతుగా ఉంచే భాగం) మీద అనుమానం పెట్టుకోండి. రోజురోజుకీ ఆ సెకన్లు పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు.

ఇంజిన్ నడుస్తుండగా చేసే పరీక్షలన్నీ ఆరుబయటే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో షట్టర్ దించిన గ్యారేజీలోనో వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి మొదలయ్యేసరికే అది ఒంట్లో చేరి ఉంటుంది. లుంగీ, తువ్వాలు, చున్నీ, వదులు చేతుల చొక్కా పనికిరావు. జుట్టు ముడివేసుకోండి, మెడలో గొలుసు తీసేయండి. ఉంగరాలు, గాజులు, వాచీ కూడా తీసి పక్కన పెట్టండి. లోహపు ఉంగరం బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ ఒకేసారి తగిలితే క్షణంలో వేలు కాలుతుంది. రేడియేటర్ ఫ్యాన్‌ని నమ్మొద్దు, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా తిరగడం మొదలెడుతుంది.

ఇప్పుడు వినడం. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఏసీ వేసినప్పుడు శబ్దం వచ్చి ఆపితే పోతే కంప్రెసర్ వైపు చూడండి. క్లచ్ తొక్కినప్పుడే వస్తుంటే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నొక్కే బేరింగ్). తొక్కితే పోతుంటే గేర్‌బాక్స్ బేరింగ్, లేదా డీజిల్ బండ్లలో ఫ్లైవీల్ (ఇంజిన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే బరువైన చక్రం). ఆటోమేటిక్ కారులో బ్రేకు గట్టిగా తొక్కి డీ (ముందుకి) నుంచి ఆర్ (వెనక్కి)‌కి మార్చినప్పుడు ఇంజిన్ ఎగిరిపడుతుంటే ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ పోయినట్టే, మన మెకానిక్‌లు ఫౌండేషన్ అనేది దాన్నే. ఆ పరీక్ష జరిగేటప్పుడు కారుకి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. డీజిల్ ఇంజిన్‌కి సహజంగానే కొంత టకటక ఉంటుంది, అది జబ్బు కాదు. బ్యాటరీ క్లాంపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, నంబర్ ప్లేటు, డిక్కీలో జాకీ... ఇవన్నీ చేత్తో కదిపి చూడండి. కొన్ని కేసులు అక్కడే తేలిపోతాయి, మెకానిక్‌కి చెప్పుకోలేనంత సిగ్గుగా.

రేకు సంగతికి వస్తే ఇంజిన్ కట్టేసి కనీసం రెండు మూడు గంటలు చల్లారనివ్వండి. నడిచొచ్చిన సైలెన్సర్‌కి చెయ్యి తగిలితే తోలు అంటుకుపోతుంది. చల్లారాక కారు పక్కన పడుకుని, టార్చి వేసి, కర్రతో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది, కానీ దాని చుట్టూ రేకు తుప్పు పట్టి, రంధ్రం పెద్దదై, ఎర్రటి పొడి రాలుతుంటుంది. బోల్టు తల ఆ రంధ్రంలోంచి దూరిపోయేలా ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఈ తుప్పు తొందరగా పడుతుంది.

కారు ఎత్తాల్సి వస్తే ఒక్క జాకీ మీద నిలిపి కిందికి దూరొద్దు. గట్టి నేల మీద జాకీ స్టాండ్లు, నేల మీదున్న చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టాలి. ఇటుకలు అసలు వద్దు, బరువు పడగానే చెప్పాపెట్టకుండా పగులుతాయి. కింద మనిషి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

చాలా రేకులకి 10 నంబర్ పానా సరిపోతుంది. తుప్పు పట్టిన బోల్టుని బలంగా తిప్పితే విరుగుతుంది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. రంధ్రం పెద్దదైతే బోల్టు కింద వెడల్పాటి స్టీలు వాషర్ వేయండి. రేకు పైపుని చుట్టుకుని ఉండే రకమైతే రెండు స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు వేస్తే చాలు. పైపూ రేకూ కలిపి దారంతో చుట్టుకొలత తీసి, దానికి తగ్గ క్లిప్పు కొనుక్కోండి. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ని కొలిచే పరికరం) వైరు క్లిప్పు కింద నలగకూడదు. రబ్బరు ముక్క, గుడ్డ, ప్లాస్టిక్ ట్యాగ్ కుక్కితే కాలి పొగ వస్తుంది. పని అయ్యాక పది నిమిషాలు ఇంజిన్ నడిపి, చల్లారాక క్లిప్పులు ఇంకోసారి బిగించండి.

"రేకు పీకేస్తే పోలా" అనే సలహా చాలామంది ఇస్తారు. ఆ రేకు ఉన్నది పైనున్న నేల మ్యాట్టునీ, దగ్గర్లో వెళ్లే పైపుల్నీ వేడి నుంచి కాపాడటానికి. కోతల రోజుల్లో ఊళ్ల రోడ్ల మీద ఆరబోసిన వరిగడ్డి, ఉలవకట్టె కారు కింద చిక్కుకుంటుంది. వేడి పైపుకి ఎండుగడ్డి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. రేకు ఉన్నా సరే, అలాంటి కళ్లం దాటాక దిగి కిందికి ఓసారి చూసుకోండి.

రేకులన్నీ బిగుతుగా ఉండి, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే డబ్బా) మీద చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో తడితే లోపల గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తే, అందులోని సిరామిక్ గూడు పగిలింది. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) లాంటి ఇంజిన్ లోపం వల్ల పగలడం మామూలు కాబట్టి, దాన్ని సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పగులుతుంది. లోపలిది దులిపేసి ఖాళీ డబ్బా బిగిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి: చెక్ ఇంజిన్ లైటు వెలగొచ్చు, పొల్యూషన్ పరీక్షలో దొరికిపోవచ్చు. మార్పించాల్సి వస్తే పాతది అడిగి తీసుకోండి, అందులో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి.