గమ్ బూట్లు ఎందుకు బాధపెడతాయి, ఎందుకు త్వరగా పాడవుతాయి: సమస్య – కారణం – పరిష్కారం

మా ఊళ్లో చాలా ఇళ్ల వసారాల్లో ఒక మూల గమ్ బూట్లు కనిపిస్తాయి. కొన్న వారం రోజులు తొడిగి, మడమలు బొబ్బలెక్కాక విప్పేసి, మళ్లీ ముట్టుకోనివి. వాటిని కొన్న మనిషి మాత్రం తెల్లవారుజామున పొలానికి నీళ్లు పెట్టడానికి చెప్పులతోనే గట్టు మీద నడుస్తుంటాడు. పొలంలో పాము కాటు ఎక్కువగా పడేది పాదం మీద, చీలమండ దగ్గర. మడిలో నిలిచిన నీటిలో ఎలుక మూత్రం కలిస్తే, కాలి పగుళ్ల గుండా ఎలుక జ్వరం ఒంట్లోకి ఎక్కుతుంది. ఈ రెండు ప్రమాదాలనూ బాగా తగ్గించేది మోకాలి కిందిదాకా వచ్చే బూటే, అది కాలికి ఉన్నప్పుడు. అందుకే బూటు కాలికి హాయిగా ఉండాలనడం సుఖాలకు పోవడం కాదంటాను. నొప్పి పుట్టించే బూటును ఎవరూ రోజూ తొడగరు.

రెండెకరాల వరి, ఆరు గేదెలు, కాస్త కూరగాయల సాగు మాది. ఈ పనుల్లో నాకూ మా వాళ్లకూ ఎదురైన ఇబ్బందులను కారణాలతో, విరుగుడుతో సహా రాస్తున్నాను.

మడమ మీద బొబ్బలు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. చాలామంది బూటు బిగుతుగా ఉండి ఒరుసుకుందనుకుంటారు. నిజానికి వదులుగా ఉండటం వల్లే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. గమ్ బూటుకు తాళ్లు లేవు. పాదం పైభాగం, చీలమండ దగ్గరి మలుపు తప్ప దాన్ని పట్టి ఉంచేది ఇంకేమీ లేదు. అక్కడ వదులైతే అడుగు తీసినప్పుడల్లా మడమ లోపల పైకి లేచి కిందికి జారుతుంది. ఎకరం పొలం చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి చర్మం లేచిపోతుంది. “తొడగడానికి తేలికగా ఉంటుంది” అని ఒక సైజు పెద్దది కొనడం వల్ల వచ్చే బాధ ఇది.

కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, పనిలో దాని కొలత అదే. పొలంలో వేసుకునే మందపు మేజోళ్లు తీసుకెళ్లి, అవి వేసుకునే రెండు కాళ్లకూ తొడిగి చూడండి. నిలబడితే బొటనవేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. పది అడుగులు నడిస్తే మడమ అర అంగుళం దాకా లేచినా ఫరవాలేదు, అంతకు మించితే ఆ జత వద్దు. గొంతుక్కూర్చుని లేవండి కూడా. పాలు పితికేవాళ్లకు, కలుపు తీసేవాళ్లకు నడకకన్నా ఈ పరీక్షే ముఖ్యం. చీలమండ ముందు రబ్బరు మడత పడి ఎముకకు గుచ్చుకుంటే, ఆ మడత రోజులు గడిచేకొద్దీ పదునెక్కుతుందే తప్ప తగ్గదు. గమ్ బూట్లలో అర సైజులు దొరకడం అరుదు. మీ పాదం రెండు సైజుల మధ్య ఉంటే పెద్దది తీసుకుని లోపల అరికాలి కింద మందపాటి అట్ట (ఇన్‌సోల్) వేసుకోండి. ఇప్పటికే పెద్దవి కొని ఉన్నా ఇదే ఉపాయం. అట్ట పాదాన్ని పైకి లేపి మలుపు దగ్గర పట్టు ఇస్తుంది.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. నాట్లు, కలుపు, పశువుల పని చాలావరకు వాళ్ల చేతుల మీదే నడుస్తుంది. దుకాణంలో మాత్రం గమ్ బూట్లు ఆరో నంబరు నుంచి మొదలవుతాయి. మా పిన్నిది నాలుగో నంబరు పాదం. ఆరో నంబరులో కాలు పెట్టి నాలుగడుగులు వేసి, “కాలు బకెట్టులో పెట్టినట్టుందిరా” అని విప్పేసింది. దుకాణదారు రెండు మేజోళ్లు వేసుకోమన్నాడు. ఆ సలహా వినకండి. అంత పెద్ద బూటులో మేజోళ్లు ముద్దగా చేరి కొత్త చోట ఒరుస్తాయి. పైగా బురదలో కాలు పైకి వస్తుంది, బూటు లోపలే ఉండిపోతుంది. మూడు, నాలుగు, అయిదు నంబర్లు తయారవుతున్నాయి. వారం ఆగైనా తెప్పించమని గట్టిగా అడగాలి. మేమలాగే తెప్పించాం. ఇప్పుడు పిన్ని పాకలోకి బూట్లు లేకుండా అడుగు పెట్టదు.

పిక్క దగ్గర ఒరుసుకోవడం

అంచు పిక్క లావైన చోట ఆగితే ఒరుస్తుంది. పిక్క చుట్టుకొలత టేపుతో తీసుకుని, బూటు నోటి చుట్టుకొలత దానికన్నా రెండు వేళ్లు దూరేంత ఎక్కువ ఉండేది ఎంచుకోండి. పొట్టివాళ్లకు మోకాలి మడత వెనక తగులుతుంటే తక్కువ ఎత్తుది తీసుకోవాలి. పైన కోసుకునే గీతలు ఉన్న రకమైతే పదునైన కత్తితో ఒక గీత మేర కోసేయవచ్చు.

లోపల తడి

కారుతోందా, చెమటా? ముందు ఇది తేల్చుకోవాలి. చాలామంది చెమటను చూసి బూటు చిల్లిపడిందని పారేస్తారు. బూటును తుడిచి పూర్తిగా ఆరబెట్టి, లోపల చీలమండ దాకా నీళ్లు పోసి, పొడి సిమెంటు గచ్చు మీద ఒక గంట నిలబెట్టండి. గచ్చు తడిస్తే చిల్లు ఉన్నట్టే. ఎక్కడుందో కనబడకపోతే, రాత్రి దీపాలు ఆర్పి బూటు లోపల ఫోను టార్చి పెట్టి, వేళ్ల దగ్గర మడత పడే చోటును వంచి చూడండి. సన్నని పగులు గీతలా వెలుగుతుంది. మందపు నల్ల బూటులోనైనా పూర్తిగా తెగిన పగులు ఇలా బయటపడుతుంది.

అతికించే ముందు బూటు అసలు రబ్బరా, పీవీసీ అనే ప్లాస్టిక్కా తెలియాలి (గుర్తుపట్టే తీరు కింద ‘ఏడాదికే పగుళ్లు’ దగ్గర రాశాను). అసలు రబ్బరైతే సైకిలు పంచరు పట్టీ చక్కగా పనిచేస్తుంది. చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగి, పట్టీ వేసి గట్టిగా నొక్కి, ఒక రాత్రి బరువు కింద ఉంచాలి. పీవీసీ బూటుకు ఆ పట్టీ పట్టదు, రెండు రోజుల్లో ఊడి వస్తుంది. పైపులు అతికించే సిమెంటు జిగురు కూడా వద్దు. అది గట్టిపడి, వంగే చోట మళ్లీ పగులుతుంది. పీవీసీకి పట్టుకుని, ఆరాక కూడా సాగే జిగురు అడిగి తీసుకోండి.

గచ్చు పొడిగానే ఉంటే అది చెమట. రబ్బరుకు గాలి ఆడదు, ఎండాకాలంలో పాదం ఉడికిపోతుంది. పలుచని నూలు మేజోళ్లు చెమటను పీల్చుకుని అలాగే తడిగా అంటిపెట్టుకుంటాయి. ఉన్ని కలిసినవో, ఆటలకు వాడే మందపు రకమో మేలు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఒకసారి మార్చండి. లోపలి అట్టలు రెండు జతలు పెట్టుకుని రోజు విడిచి రోజు వాడండి. వేళ్ల సందులు తెల్లగా నాని దురద పెడుతుంటే పొడిగా తుడిచి గాలి తగలనివ్వాలి. తగ్గకపోతే వైద్యుణ్ణి అడగాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు రోజూ అరికాలు చూసుకోవాలి. బూటు లోపల పడిన చిన్న రాయి వాళ్లకు తెలియకుండానే పుండు చేస్తుంది.

బురదలో బూటు ఇరుక్కుపోవడం

దమ్ము చేసిన మడిలో మామూలు గమ్ బూటుతో నడవలేం. అడుగు భాగం చుట్టూ బురద మూసుకుంటుంది. కాలు నిట్టనిలువుగా లాగితే కింద గాలి చొరబడక, బురద దాన్ని లోపలికే పట్టి ఉంచుతుంది. ఇరుక్కుంటే కాలును అటూ ఇటూ కదిపి, ముందు మడమను లేపి, పక్క నుంచి గాలి వెళ్లనిచ్చి తీయాలి. జపానులో నాట్ల కోసమే పలుచని, మెత్తని, కాలికి మేజోడులా అతుక్కునే పొడవాటి రబ్బరు బూట్లు వాడతారు. చీలమండ దగ్గరా పిక్క దగ్గరా పట్టీలతో బిగిస్తారు. ఆ రకం దొరికితే నాట్లకు అదే సరైనది. గమ్ బూటును గట్టు మీది నడకకు, నీళ్లు పెట్టడానికి, కోతల తర్వాతి పనులకు ఉంచుకోండి.

జారిపోవడం

బూటు అడుగున పట్టు కోసం ఉండే గాళ్లు అరిగిపోయినా, వాటిలో బురద నిండినా జారుతుంది. పొలానికి లోతైన, దూరదూరంగా ఉన్న గాళ్లు కావాలి. బురద దానంతటదే రాలిపోతుంది. కడిగిన పశువుల పాకలో గచ్చుకు తగిలే రబ్బరు ఎక్కువ ఉండాలి, అంటే గాళ్లు దగ్గరగా, అడుగు మెత్తగా ఉండాలి. గట్టి పీవీసీ అడుగు తడి గచ్చు మీద గాజులా జారుతుంది. గోటితో నొక్కితే కాస్త లొంగే అడుగు చూసుకోండి. నాచు పట్టిన గచ్చు మీద ఏ బూటూ నిలవదు. నాచును గీకి బ్లీచింగ్‌తో కడగాలి.

ముల్లు దిగడం

సర్కారు తుమ్మ ముల్లు, పత్తి మోళ్లు, ఆయిల్‌పామ్ మట్టల ముళ్లు మామూలు అడుగును సూదిలా తొలుచుకుని వస్తాయి. అలాంటి చోట్లకు అడుగులో ఉక్కు రేకు ఉన్న రకం కావాలి. ఎస్5 గుర్తు ఉంటే వేళ్ల మీద గట్టి టోపీ, అడుగున ముల్లు దిగని పొర రెండూ ఉన్నట్టు. ఆ టోపీ 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. గేదె కాలు తొక్కినా వేళ్లు దక్కుతాయి. అయితే ఈ బూట్లు బరువెక్కువ, సరిగా వంగవు. వరి పొలానికి అనవసరం.

ఏడాదికే పగుళ్లు

ఇక్కడ తప్పు తరచుగా పదార్థం ఎంపికలో ఉంటుంది. ముందూ వెనకా పైనుంచి కిందిదాకా అచ్చు గీత కనిపించి, ప్లాస్టిక్ వాసన వేస్తే అది పీవీసీ. పొరలు పొరలుగా అతికి, వంచి వదిలితే వెంటనే సాగి నిలబడితే రబ్బరు. పీవీసీ చవక, గచ్చుకు బాగా తట్టుకుంటుంది. కానీ దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం క్రమంగా బయటికి పోతుంది. పాల కొవ్వు, నూనె తగిలితే ఇంకా త్వరగా పోయి, బూటు బిరుసెక్కి వేళ్ల మడత దగ్గర విరుగుతుంది. పాడి పనికి నైట్రైల్ (నూనెను తట్టుకునే ఒక రబ్బరు) కలిపిన పీవీసీ అడగండి. రబ్బరు మెత్తన, కాలికి హాయి. దానికి ఎండ, డీజిలు, కిరోసిన్ శత్రువులు. పాలీయురేథేన్ అనే మరో ప్లాస్టిక్‌తో చేసిన బూట్లు చాలా తేలిక. అయితే ఏళ్ల తరబడి వాడకుండా మూలన పెడితే గాలిలోని తేమకే పొడిపొడిగా రాలిపోవచ్చు. ఏదైనా ఐఎస్‌ఐ గుర్తు చూడండి. రబ్బరుకు ఐఎస్ 5557, పీవీసీకి ఐఎస్ 12254.

రబ్బరు మీద తెల్లని పొడి తేలితే కంగారు పడకండి. బూటు తయారీలో రబ్బరును గంధకంతో ఉడికిస్తారు. ఆ గంధకం, తయారీలో కలిపే మైనం కొద్దికొద్దిగా పైకి తేలడమే ఆ తెలుపు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మందు కొట్టాక కాళ్లు మండటం

ప్యాంటును బూటు లోపలికి దోపి మందు కొడితే, బట్ట మీద కారినదంతా బూటులోకే చేరుతుంది. ప్యాంటు అంచు బూటు మీదుగా బయటికి ఉండాలి. పని కాగానే విప్పకముందే బయట, విప్పాక లోపల సబ్బు నీళ్లతో కడగండి.

బూటులో తేలు, జెర్రి

ఒకసారి పొద్దున్నే బూటు తలకిందులు చేసి నేలకు కొడితే, అరచేతి పొడవు జెర్రి బయటపడి నా పాదం పక్కనుంచే పరుగెత్తింది. వసారాలో నిలబెట్టిన బూటు వాటికి చల్లని, చీకటి ఇల్లు. గోడకు మోకాలెత్తున రెండు కర్రలు బిగించి, బూట్లను తలకిందులుగా తగిలించండి. నీడలో గాలి తగిలి లోపలి తడి కూడా ఆరుతుంది. పొయ్యి పక్కన, ఎండలో ఆరబెట్టకండి. బాగా తడిస్తే లోపల పాత వార్తాపత్రిక కుక్కి, గంట తర్వాత మార్చండి. తొడిగే ముందు మాత్రం, కర్రకు తగిలించినవైనా సరే, ప్రతిసారీ నేలకు కొట్టి చూడండి.