పార్క్ ఆఫీసులో కొత్తగా చేరారా? జూన్ నుంచి దసరా దాకా చూసుకోవాల్సిన పనులు

జూన్ 12న స్కూళ్లు తెరిచారంటే మా పార్క్‌కి సీజన్ అయిపోయినట్టే, హైదరాబాద్ చుట్టుపక్కల ఏ వాటర్ పార్క్ అయినా దాదాపు ఇంతే. మే నెల ఆదివారం క్యూ ఆపలేక గొంతు పోగొట్టుకున్న సెక్యూరిటీ ఆయనే జూన్ మూడో వారంలో కుర్చీలో కునుకు తీస్తుంటాడు. ఇంక సెప్టెంబర్ దాకా మనం ఖాళీయే కదా అనుకున్నా నేను కూడా చేరిన మొదటి ఏడాది, ఆ డిసెంబర్‌లో మాకు రావాల్సిన స్కూల్ గ్రూపులు సగం వేరే పార్క్‌కి పోయాయి. రైడ్లు విప్పి గ్రీజు పెట్టడం, పెయింట్లు అవన్నీ మెయింటెనెన్స్ వాళ్లు చూసుకుంటారు, ఇది టేబుల్ దగ్గర కూర్చునే మన సంగతి.

అన్నిటికంటే ముందు స్కూళ్లు. పిక్నిక్‌లు నవంబర్ నుంచి జనవరి మధ్యలో వస్తాయి గానీ మాట మాత్రం జూలైలోనే పడాలి. ప్రిన్సిపాల్ అపాయింట్‌మెంట్ కోసం వారాలు తిరక్కండి, చాలా స్కూళ్లలో ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చేది పీఈటీ సారే, లంచ్ టైంలో వెళ్తే గ్రౌండ్ దగ్గరే దొరుకుతాడు. పరీక్షలు నడిచే వారం వెళ్తే మాత్రం గేటు దగ్గరే ఆపేస్తారు. రేటు లెటర్‌లో టికెట్, భోజనం, జీఎస్టీ కలిపి పిల్లాడికి ఎంతో ఒక్క అంకె రాయండి, ఎంతమంది పిల్లలకి ఒక టీచర్ ఫ్రీ అన్నదీ రాయండి, బస్ డ్రైవర్‌కి క్లీనర్‌కి భోజనం మనదే అని కూడా రాయండి. ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ పోయినచోట అన్నం సరిగ్గా పెట్టలేదని డ్రైవర్లు చెప్పుకునే మాట స్కూల్ దాకా వెళ్తుంది, నమ్మండి.

పాత కొటేషన్ ఫైల్ కాపీ కొట్టేముందు ఒకసారి చూసుకోండి. పార్క్ టికెట్ మీద జీఎస్టీ మొదట్లో 28 శాతం ఉండేది, 2018 జనవరి 25 నుంచి 18 అయింది. మా దగ్గర ఒక కుర్రాడు ఏదో మూల ఫోల్డర్‌లో దొరికిన 28 నాటి ఫార్మాట్‌లో పేరు మాత్రం మార్చి పంపేశాడు, ఆ స్కూల్ అకౌంటెంట్ ఫోన్ చేసి మీకు మాత్రం వేరే గవర్నమెంట్ ఉందా అని అడిగాడు. ఇంకోటి, డిసెంబర్ ట్రిప్‌కి సెప్టెంబర్‌లో అడ్వాన్స్ తీసుకుంటే దాని మీద టాక్స్ సెప్టెంబర్ లెక్కలోనే కట్టాలి, పిల్లలు వచ్చినప్పుడు చూద్దాంలే అంటే కుదరదు, అడ్వాన్స్ ముట్టినట్టు రాసిచ్చే రిసీట్ వోచర్ అప్పుడే ఇచ్చి అకౌంట్స్‌కి చెప్పేయండి.

స్కూళ్ల తర్వాత కార్తీక వనభోజనాలు. అపార్ట్‌మెంట్ వాళ్లు, ఊరి సంఘాలు, ఆఫీసుల వాళ్లు కార్తీక మాసం ఆదివారాలకి దసరా ముందు నుంచే అడగడం మొదలుపెడతారు. ఒక అసోసియేషన్ సెక్రటరీగారు రేటు గురించి ఒక్క మాట అడగలేదు, మీ పార్క్‌లో ఉసిరి చెట్టు ఉందా అన్నారు, నేను తెల్లమొహం వేశా, బుకింగ్ పోయింది. ఆ వానాకాలమే నర్సరీ నుంచి రెండు మొక్కలు తెప్పించి లాన్ చివర నాటించా. ఇప్పుడు భుజం ఎత్తు వచ్చాయి, నీడ ఏమీ లేదు గానీ దాని పక్కనే ఆకులు వేసి కూర్చుంటున్నారు, ఎవరు అడిగినా ఉసిరి చెట్టు ఉంది సార్ అని ఫోన్‌లో ధైర్యంగా చెప్తున్నా. మొక్కలు పెట్టాలంటే వానలున్నప్పుడే పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండే మెనూ కూడా క్యాంటీన్ వాళ్లతో ఇప్పుడే రాయించి పెట్టుకోండి.

కాస్ట్యూమ్ స్టోర్ లెక్క ఒక్కరోజు పని అనుకోకండి. అద్దెకిచ్చే నైలాన్ డ్రెస్సులు క్లోరిన్ నీళ్లకి రంగు పోయి, ఎలాస్టిక్ సాగిపోయి ఉంటాయి. ప్రతిదీ చేత్తో లాగి చూడాలి, లాగినప్పుడు తిరిగి దగ్గరికి రాకపోతే పక్కన పడేయడమే. ముసురులో సగం ఆరినవి మూటకట్టి లోపల పెడితే దసరాకి విప్పేసరికి ఆ వాసనకి స్టోర్‌లో నిలబడలేం, అది అనుభవం మీద చెప్తున్నా. లాకర్ తాళాలు, డిపాజిట్ రిజిస్టర్ కూడా అప్పుడే టాలీ చేసుకోండి.

పోయిన వస్తువుల అట్టపెట్టెలో పవర్ కళ్లజోళ్లు, ఒంటి పట్టీలు, ఒంటి చెప్పులు ఉంటాయి. చెప్పుల గురించి ఎవరూ రారు. మిగతావాటికి రిజిస్టర్‌లో ఫోన్ నంబర్ ఉంటే చెయ్యండి, కళ్లజోడు అయితే తప్పకుండా చెయ్యండి, నెలరోజుల తర్వాత ఫోన్ చేసినా వాళ్లు సంతోషపడతారు.

సమ్మర్‌కి తీసుకున్న కుర్రాళ్లు మానేశాక పీఎఫ్ ఆఫీసు వాళ్ల (ఈపీఎఫ్ఓ) పోర్టల్‌లో మానేసిన తేదీ ఎక్కించండి. అది లేకపోతే వాళ్ల పీఎఫ్ మొత్తం క్లెయిమ్ ఆగిపోతుంది, పాపం రెండు నెలల జీతం మీద పడిన ఆ కాస్త డబ్బు కోసం ఆఫీసుకి ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఫుడ్ కోర్టులో పనిచేసేవాళ్లకి ఏడాదికోసారి మెడికల్ సర్టిఫికెట్, కాటాలకి తూనికలు కొలతల వాళ్ల స్టాంపింగ్, ఫైర్ ఎన్ఓసీ (ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల అనుమతి), ఇన్సూరెన్స్ డేట్లు అన్నీ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. పంపులు ఆపేశాం కదా కరెంటు బిల్లు పడిపోతుందనుకోకండి, హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కి వాడినా వాడకపోయినా కరెంటు వాళ్లతో ఒప్పుకున్న డిమాండ్‌లో, అంటే ఇంత లోడ్ దాకా వాడతామని రాసిచ్చినదాంట్లో, కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జి పడుతుంది, ఓనర్ అడిగినప్పుడు బిక్కమొహం వెయ్యకుండా ఇది తెలిసి ఉండాలి.

ఖాళీ రోజులు కదాని లీవులన్నీ ఒకేసారి ఇచ్చేయొద్దు. ఆషాఢంలో బోనాల ఆదివారాలకి సిటీ వాళ్లందరికీ సెలవు కావాలి, అది ఇవ్వాల్సిందే, కానీ ఆగస్టు మొదటి ఆదివారం ఫ్రెండ్‌షిప్ డే, తర్వాత ఆగస్టు 15, ఆ రెండు రోజులూ కాలేజీ పిల్లలు వాన పడుతున్నా దిగుతారు. ఉరుములొస్తే రైడ్లు ఆపేస్తాం, అప్పుడు కౌంటర్ దగ్గర రిఫండ్ గొడవ. ఇస్తామా, ఇంకోరోజుకి పాస్ ఇస్తామా, ఏమీ ఇవ్వమా అన్నది మేనేజర్‌తో ముందే తేల్చుకుని తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో టికెట్ కొనకముందే కనపడేలా పెట్టించండి.

ఇవన్నీ దసరా సెలవుల లోపే అవ్వాలి. బతుకమ్మ మొదలయ్యాక ఆఫీసులో సంతకం పెట్టేవాళ్లు కూడా దొరకరు.