కామోమైల్ టీతో బెల్జియన్ విట్‌బియర్: పూలు మాత్రం ఉడకబెట్టకండి

మాది అమెరికాలోని ఆస్టిన్. బెల్జియంలోని హూగార్డెన్‌ ఊళ్లో 1950ల్లో ఆగిపోయిన గోధుమ బీరుకు 1966లో మళ్లీ ప్రాణం పోసిన పాలవ్యాపారి పియేర్ సెలిస్, 1992లో మా ఊళ్లోనే బ్రూవరీ తెరిచాడు. ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టినప్పుడు విట్‌బియర్ అనే ఆ గోధుమ బీరు తప్ప ఇంకేదీ తోచకపోవడానికి కారణం అదే. ధనియాలు, ఎండిన చేదు నారింజ తొక్క ఆ బీరుకు మామూలే. నేను వాటికి తోడు చిన్న చామంతుల్లా ఉండే కామోమైల్ పూల టీ కలుపుతాను.

ముందే ఒక మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంతానికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గాలన్లు కాసుకోవచ్చు. అమ్మకూడదు. ఆంధ్రా, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాయడం నేరం, అక్కడ వద్దు.

5 గాలన్లకు, అంటే 19 లీటర్లకు లెక్క చెబుతాను. పొడి గోధుమ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన గింజల తీపి రసం ఎండబెట్టిన పొడి) రెండున్నర కిలోలు, బీరుకు చేదునిచ్చే హాలర్‌టావ్ హాప్స్ పూలు 28 గ్రాములు, ధనియాలు 18 గ్రాములు, నారింజ తొక్క 20 గ్రాములు, విట్‌బియర్‌కు వాడే ఈస్ట్ వైయీస్ట్ 3944 ప్యాకెట్ ఒకటి. ధనియాలు ఇండియన్ స్టోర్‌లోవే తెచ్చుకోండి. అమెరికన్ షాపుల్లో దొరికే గుండ్రటివాటికన్నా మన కోలటి ధనియాల్లో నిమ్మ వాసన ఎక్కువ. మిక్సీలో పొడి చేయొద్దు, చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచితే చాలు.

పెద్ద గిన్నెలో 12 లీటర్ల నీళ్లు మరిగాక స్టవ్ ఆపి ఎక్స్‌ట్రాక్ట్ కలపండి, లేకపోతే అడుగంటుతుంది. మళ్లీ మరగనిచ్చి హాప్స్ వేసి గంటసేపు ఉంచండి. మొదటి పది నిమిషాలు గిన్నె దగ్గర్నుంచి కదలకండి, ఒక్కసారిగా పొంగుతుంది. ఇంకో ఐదు నిమిషాలు ఉందనగా ధనియాలు, తొక్క వేయండి. ఐసు నీళ్ల తొట్టిలో గిన్నె దించి 20 డిగ్రీలకు చల్లార్చి, స్టార్‌శాన్‌ అనే క్రిమిసంహారక ద్రవంతో శుభ్రం చేసిన బకెట్‌లోకి వడగట్టండి. 19 లీటర్లయ్యేదాకా మరిగించి చల్లార్చిన నీళ్లు పోసి, బాగా గిలక్కొట్టి, ఈస్ట్ వేసి మూత బిగించండి. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.048 దగ్గర ఉంటుంది. మా టెక్సస్ వేడికి బకెట్‌ను నీళ్ల టబ్‌లో నిలబెట్టి, చుట్టూ తడి తువ్వాలు కప్పుతాను. 24 డిగ్రీలు దాటనివ్వను.

రెండు వారాల తర్వాత, మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసినా హైడ్రోమీటర్ ఒకే అంకె చూపితే పులియడం అయిపోయినట్టే. నాకు 1.010 వస్తుంది, అంటే ఆల్కహాల్ 5 శాతం. తొందరపడి ముందే నింపితే సీసాలు పేలతాయి.

ఇక అసలు సంగతి టీ. మొదటిసారి నేను పూలను వోర్ట్‌లోనే, అంటే ఇంకా పులియని మాల్ట్ ద్రవంలోనే వేసి ఇరవై నిమిషాలు మరిగించాను. బీరంతా ఎండుగడ్డి వాసన, నాలుక మీద చేదు పట్టు. నెల రోజుల శ్రమ సింక్‌లో పారబోశాను. అప్పటినుంచి టీ విడిగా కాచి, రుచి చూసి, సీసాలు నింపే రోజే కలుపుతున్నాను.

టీ బ్యాగులు వద్దు, వాటిలో నుసే ఎక్కువ. విడి పూలు కొనండి. పసుపు బొడ్డు నలిపితే ఆపిల్ వాసన రావాలి, రాకపోతే అవి పాతవి. అర లీటరు నీళ్లు మరిగించి, రెండు నిమిషాలు ఆగి 20 గ్రాముల పూల మీద పోసి, మూతపెట్టి ఆరు నిమిషాలకు వడగట్టండి. పూలను పిండకండి, చేదంతా అందులోనే ఉంటుంది.

మూడు గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున బీరు పోసి, పిల్లలకు మందు వేసే సిరంజితో 1, 1.5, 2 మిల్లీలీటర్ల టీ కలపండి. కిందటి నవంబరులో మా ఆవిడకు ఏది ఎంతో చెప్పకుండా మూడూ ఇచ్చాను. మొదటిది పక్కన పెట్టింది, మూడోది వాసన చూసి దించేసింది, మధ్యది ఖాళీ చేసింది. ఆ లెక్కన, అడుగు మడ్డి పోగా మిగిలే 18 లీటర్లకు 270 మిల్లీలీటర్ల టీ. రెండు గ్లాసుల మధ్య ఎటూ తేలకపోతే తక్కువదే ఎంచుకోండి, గ్యాస్ పట్టాక వాసన ఇంకా పైకి లేస్తుంది.

సీసాలు నింపే బకెట్ అడుగున ఆ టీ, కప్పు నీళ్లలో మరిగించిన 120 గ్రాముల పంచదార పోసి, బీరును సైఫన్ గొట్టంతో చప్పుడు లేకుండా దాని మీదికి దించండి. బుడగలు లేస్తే గాలి కలిసి రుచి చెడుతుంది. శుభ్రం చేసిన గరిటెతో మెల్లగా ఒకసారి తిప్పి నింపేయండి.

రెండు వారాలు గది వేడిలో ఉంచి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి తెరవండి. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లకు పోసేముందు కామోమైల్ ఉందని తప్పకుండా చెప్పండి, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పూల వాసన నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది కాబట్టి పండక్కని దాచిపెట్టకండి.